క్యామ్ కింద ఉంటే పాతది, పైన ఉంటే కొత్తదా?

ముందు మీ ప్రశ్న నాకు సరిగ్గా అర్థమైందో లేదో చూసుకుంటాను. మీరు ఒక సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ కారు చూశారు. అందులో 5.7 లీటర్ల వీ8 (ఇంగ్లిష్ వీ ఆకారంలో రెండు వరసల్లో ఎనిమిది సిలిండర్లు), పుష్‌రాడ్ ఇంజిన్. మీ స్నేహితుడు బానెట్ ఎత్తి చూసి, "ఇది ట్రాక్టర్ ఇంజిన్, తాతల కాలం నాటిది, డబుల్ ఓవర్‌హెడ్ క్యామ్ లేని బండి కొనకు" అన్నాడు. అసలు ఈ రెండింటికీ తేడా ఏమిటి, అంత పాతదైతే కంపెనీలు ఇంకా ఎందుకు చేస్తున్నాయి, కొన్నాక ఏది తక్కువ తలనొప్పి అని మీరు అడుగుతున్నారు.

ఇరవై ఏళ్లకు పైగా ఈ రెండు రకాలనూ విప్పి బిగిస్తున్నాను. మీ స్నేహితుడి మాటలో సగం నిజం ఉంది. మిగతా సగమే తంటా. ముందు ఆ "తాతల కాలం" మాట తేల్చేద్దాం. ప్యూజో 1912లో ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీ గెలిచిన కారులో ఉన్నది డబుల్ ఓవర్‌హెడ్ క్యామ్, సిలిండర్‌కు నాలుగు వాల్వ్‌ల ఇంజిన్. మరుసటి ఏడాది జూల్స్ గూ అనే డ్రైవర్ ప్యూజోతోనే అమెరికాలో ఇండియానాపోలిస్ 500 రేసు గెలిచాడు. అమెరికాలో పుష్‌రాడ్ వీ8కి మారుపేరైన షెవర్లే స్మాల్ బ్లాక్ వచ్చింది 1955లో. అంటే ఆ లెక్కన మీ స్నేహితుడు మెచ్చుకునేదే నలభై మూడేళ్లు పెద్దది. వయసును బట్టి ఇంజిన్‌ను తూచడం కుదరదు.

ఇక పని ఎలా జరుగుతుందో చూద్దాం. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరుగుతుంది. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో ఉండే బొడిపెలు (వాటినే లోబ్‌లంటాం) సిలిండర్‌లోకి గాలిని, బయటికి పొగను వదిలే వాల్వ్‌లను తెరుస్తాయి, స్ప్రింగ్‌లు మూస్తాయి. రెండు రకాల్లోనూ ఇంతే. తేడా అల్లా ఆ క్యామ్ ఎక్కడ కూర్చుంటుందన్నదే. పుష్‌రాడ్ ఇంజిన్‌లో అది కింద బ్లాక్‌లో (సిలిండర్లుండే దిమ్మ), క్రాంక్‌కు దగ్గర్లో ఉంటుంది. వీ8 అయితే రెండు వరసల సిలిండర్ల మధ్య లోయలో. వాల్వ్‌లేమో పైన హెడ్‌లో, అంటే సిలిండర్ల పైమూతలో ఉంటాయి. కిందున్న కదలికను పైకి చేరవేయాలి కాబట్టి లోబ్ మీద లిఫ్టర్ (పాతవాళ్లు ట్యాపెట్ అంటారు), లిఫ్టర్ మీద సన్నటి గొట్టంలాంటి పుష్‌రాడ్, దాని పైన తక్కెడ కాడలా ఊగే రాకర్ ఆర్మ్, రాకర్ రెండో కొస కింద వాల్వ్. ఓవర్‌హెడ్ క్యామ్‌లో క్యామ్‌నే తీసుకెళ్లి హెడ్‌లో పెట్టేశారు. అది వాల్వ్ నెత్తినున్న బకెట్‌ను నేరుగా నొక్కుతుంది, లేదంటే మధ్యలో ఒక చిన్న ఫాలోయర్ ఉంటుంది. పొడుగాటి పుష్‌రాడ్ అవసరం లేదు. కానీ క్రాంక్ నుంచి అంత పైకి తిప్పడానికి పొడుగాటి బెల్టో చైనో కావాలి. హెడ్‌కు ఒక్క క్యామ్ ఉంటే ఎస్‌ఓహెచ్‌సీ, ఇన్‌టేక్ (గాలి లోపలికి వచ్చే) వాల్వ్‌లకొకటి, ఎగ్జాస్ట్ (పొగ బయటికి పోయే) వాల్వ్‌లకొకటి ఉంటే డీఓహెచ్‌సీ.

ఒక చిన్న చిక్కు. పుష్‌రాడ్ ఇంజిన్లను చాలామంది ఓహెచ్‌వీ అంటారు. ఓవర్‌హెడ్ వాల్వ్ అని. మాటకు వస్తే ఓవర్‌హెడ్ క్యామ్ ఇంజిన్లోనూ వాల్వ్‌లు పైనే ఉంటాయి. వాల్వ్‌లు బ్లాక్‌లో పక్కన ఉండే ఫ్లాట్‌హెడ్ ఇంజిన్ల నుంచి వేరు చేయడానికి పుట్టిన పేరది. అలాగే స్థిరపడిపోయింది. బ్రోచర్‌లో ఓహెచ్‌వీ అని కనిపిస్తే పుష్‌రాడ్ అని చదువుకోండి.

ఇప్పుడు మీ స్నేహితుడి మాటలోని నిజానికి వద్దాం. ఎక్కువ ఆర్‌పీఎం (నిమిషానికి క్రాంక్ తిరిగే చుట్లు) దగ్గర పుష్‌రాడ్ ఇబ్బంది పడుతుంది. 6,000 ఆర్‌పీఎంలో ఒక్కో వాల్వ్ సెకనుకు 50 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. 9,000లో 75 సార్లు. వేగం ఒకటిన్నర రెట్లే పెరిగినా, అటూ ఇటూ కొట్టుకునే భాగాల జడత్వ బలం వర్గం లెక్కన పెరుగుతుంది కాబట్టి 2.25 రెట్లు అవుతుంది. ఒక హద్దు దాటాక స్ప్రింగ్ వాల్వ్‌ను క్యామ్ ఆకారానికి అతికి ఉండేలా పట్టి ఉంచలేదు. వాల్వ్ గాల్లో తేలుతుంది. దాన్నే వాల్వ్ ఫ్లోట్ అంటాం. పవర్ పడిపోతుంది, అదృష్టం బాగోకపోతే పిస్టన్ వచ్చి వాల్వ్‌ను గుద్దుతుంది.

ఇక్కడ దాదాపు అందరూ చెప్పే కారణం, "పుష్‌రాడ్ బరువు ఎక్కువ కాబట్టి" అని. నేనూ చాలా ఏళ్లు అదే అనుకున్నాను. లెక్క వేస్తే తేలేది వేరు. రాకర్ రెండు చేతులూ సమానం కావు. రేషియో 1.7 అనుకోండి. పుష్‌రాడ్ 1 మిల్లీమీటరు కదిలితే వాల్వ్ 1.7 మిల్లీమీటర్లు కదులుతుంది. అంటే పుష్‌రాడ్, లిఫ్టర్ రెండూ నెమ్మదిగా కదిలే వైపున ఉన్నాయి. వాల్వ్ వైపు నుంచి చూస్తే వాటి బరువు 1.7 వర్గంతో, అంటే దాదాపు 2.9తో భాగించినంతే అనిపిస్తుంది. వంద గ్రాములుంటే స్ప్రింగ్‌కు తెలిసేది 35 గ్రాములే. అసలు శత్రువు బరువు కాదు, వంగడం. పొడవాటి సన్న వెదురు గెడతో పైనున్న బరువైన తలుపును నెట్టి చూడండి. ముందు గెడ విల్లులా వంగుతుంది, తర్వాత తలుపు కదులుతుంది, ఆ పైన వంగిన గెడ ఒక్కసారిగా నిటారై తలుపును మీరు అనుకున్న దానికంటే ముందుకు తోసేస్తుంది. ఇంజిన్ లోపల జరిగేదీ అదే. క్యామ్ ఒక ఆకారం గీసి ఇస్తే వాల్వ్ ఇంకో ఆకారం గీస్తుంది. అందుకే రేసు ఇంజిన్లు కట్టేవాళ్లు పుష్‌రాడ్‌ను తేలిక చేయడం మీద పడరు. ఇంకా లావుగా, గోడ మందంగా ఉన్నది వేస్తారు. బరువు పెరిగినా సరే గట్టిగా ఉండాలి. తేలిక చేయాల్సి వస్తే వాల్వ్ వైపు చేస్తారు. షెవర్లే స్పోర్ట్స్ కారు కార్వెట్ జెడ్06లో వచ్చిన 7.0 లీటర్ల ఎల్‌ఎస్7లో ఇన్‌టేక్ వాల్వ్‌లు టైటానియంతో చేసింది అందుకే. అది పుష్‌రాడ్ ఇంజినే, రెడ్‌లైన్ (దాటకూడని ఆర్‌పీఎం హద్దు) మాత్రం 7,000.

పుష్‌రాడ్ 9,000 తిరగలేదనీ అనకూడదు. అమెరికాలో నాస్కార్ కప్ రేసు కార్ల వీ8లు పుష్‌రాడ్‌తోనే 9,000 దాటి తిరిగాయి, అదీ గంటల తరబడి. కాకపోతే ఆ స్ప్రింగ్‌ల బిగువు, ఆ ఖర్చు, రేసు రేసుకూ విప్పి చూడటం, ఇవి రోడ్డు బండికి నప్పవు. హోండా 1989లో వీటెక్ బీ16ఏ అనే డీఓహెచ్‌సీ ఇంజిన్ తెచ్చింది. 1.6 లీటర్లకు 160 హార్స్‌పవర్, 7,600 ఆర్‌పీఎం దగ్గర, మామూలు కస్టమర్ కొనుక్కునే కారులో. ఓవర్‌హెడ్ క్యామ్ గొప్పతనం అక్కడుంది. ఎక్కువ ఆర్‌పీఎంను అది మామూలు విషయం చేసేసింది.

రెండో నిజం గాలి పీల్చుకోవడం. పుష్‌రాడ్ పెట్రోల్ ఇంజిన్లలో మామూలుగా సిలిండర్‌కు రెండే వాల్వ్‌లుంటాయి. డీఓహెచ్‌సీలో నాలుగు తేలిగ్గా పడతాయి. దీనివల్ల ఎంత తేడానో కాగితం మీదే చూడొచ్చు. 86 మిల్లీమీటర్ల బోర్‌లో (సిలిండర్ అడ్డు కొలత) రెండు వాల్వ్‌ల పద్ధతి అయితే ఇన్‌టేక్ వాల్వ్ సుమారు 44 మిల్లీమీటర్లు పెట్టొచ్చు. నాలుగు వాల్వ్‌లైతే రెండు ఇన్‌టేక్‌లు, ఒక్కోటి 34. వాల్వ్ కాస్త తెరుచుకున్నప్పుడు గాలి వెళ్లేది దాని అంచు చుట్టూ ఉన్న సందులోంచి కాబట్టి చుట్టుకొలత చూడాలి. మొదటిదానికి 138 మిల్లీమీటర్లు, రెండోదానికి రెండూ కలిపి 214. వాల్వ్ అంతే ఎత్తు లేచినా దారి ఒకటిన్నర రెట్లు వెడల్పు. పైగా ఒక్కో వాల్వ్ చిన్నది, తేలిక. స్పార్క్ ప్లగ్ సరిగ్గా నడిమధ్యలో కూర్చుంటుంది, మంట అన్ని వైపులకూ సమానంగా పాకుతుంది.

పుష్‌రాడ్ హెడ్ విప్పి చేతిలో పట్టుకుంటే ఇంకో సంగతి కనిపిస్తుంది. ఇన్‌టేక్ పోర్ట్‌లోకి, అంటే గాలి వెళ్లే దారిలోకి, వేలు పెట్టి లోపలికి పోనివ్వండి. కొద్ది దూరం వెళ్లాక ఒక పక్క గోడ లోపలికి ఉబ్బి ఉంటుంది. ఆ గోడ అవతల నుంచి పుష్‌రాడ్ వెళుతోంది. గాలి దారి దానికి తప్పుకుని వెళ్లాలి. షెవర్లే తొలి ఎల్‌ఎస్ ఇంజిన్లలో పోర్ట్‌లు చర్చి కిటికీల్లా సన్నగా, ఎత్తుగా ఉండటానికి కారణం ఇదే. రెండు పుష్‌రాడ్‌ల మధ్య ఉన్న సందులో అడ్డంగా చోటు లేదు కాబట్టి నిలువుగా పెంచారు. కష్టకాలంలో బుర్ర పనిచేయడమంటే ఇదే.

అలాగని పుష్‌రాడ్ అంటే రెండు వాల్వ్‌లే అనుకోకండి. కమ్మిన్స్ 5.9 లీటర్ల 24 వాల్వ్ డీజిల్ పుష్‌రాడ్ ఇంజినే. ఒక రాకర్ చిన్న వంతెనలాంటి ముక్కను నొక్కితే, ఆ వంతెన రెండు వాల్వ్‌లను ఒకేసారి తెరుస్తుంది. డీజిల్ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి ఆ అదనపు బరువు సమస్య కాదు.

మూడో నిజం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, చిన్న, మధ్యస్థాయి కార్లలో పుష్‌రాడ్‌ను తుడిచిపెట్టింది ప్రధానంగా అదేనని నా అభిప్రాయం. వాల్వ్ టైమింగ్‌ను నడుస్తూ నడుస్తూ మార్చుకోవడం. ఐడిల్‌లో (బండి ఆగి ఇంజిన్ మెల్లగా తిరుగుతున్నప్పుడు) ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకేసారి తెరిచి ఉండే సమయం తక్కువ ఉండాలి, లేకపోతే ఇంజిన్ కుదుపుతుంది. పరుగు మీదున్నప్పుడు ఎక్కువ కావాలి. పొగ పరీక్షకు ఒకటి, మైలేజీకి ఇంకొకటి. డీఓహెచ్‌సీలో ఇన్‌టేక్ క్యామ్ వేరు, ఎగ్జాస్ట్ క్యామ్ వేరు కాబట్టి దేనికది ముందుకో వెనక్కో తిప్పుకోవచ్చు. పుష్‌రాడ్‌లో ఒకే క్యామ్ మీద అన్ని లోబ్‌లూ ఉంటాయి. తిప్పితే అన్నీ కలిసే తిరుగుతాయి. దానివల్లా కొంత లాభం ఉంది, కానీ రెండింటి మధ్య దూరం మారదు. డాడ్జ్ వైపర్ 2008లో దీనికీ ఒక ఉపాయం చేసింది. 8.4 లీటర్ల వీ10లో క్యామ్ లోపల ఇంకో క్యామ్. బయటి గొట్టానికి కొన్ని లోబ్‌లు, లోపలి కడ్డీకి కొన్ని, ఒకదానికొకటి కాస్త తిరుగుతాయి. ముచ్చటైన పనితనం. కానీ అంత శ్రమపడి తెచ్చింది డీఓహెచ్‌సీలో చైన్ చివర పళ్లచక్రం మార్చితే వచ్చేదే.

ఇక్కడిదాకా చదివితే మీ స్నేహితుడే గెలిచినట్టుంది. మరి షెవర్లే, డాడ్జ్ లాంటివాళ్లు దీన్ని ఎందుకు పట్టుకుని వేలాడుతున్నారు?

వీ8ను పక్కన నిలబడి చూడండి. డీఓహెచ్‌సీ అయితే రెండు హెడ్‌లకు కలిపి నాలుగు క్యామ్‌లు, 32 వాల్వ్‌లు, మీటర్ల కొద్దీ చైన్. వీ ఆకారపు రెండు కొసల మీద రెండు పెద్ద పెట్టెలు పెట్టినట్టు ఉంటుంది. వెడల్పూ ఎత్తూ రెండూ పెరుగుతాయి, బరువంతా పైన చేరుతుంది. పుష్‌రాడ్ వీ8కి ఒకే క్యామ్, 16 వాల్వ్‌లు, జానెడు చైన్. క్యామ్ ఉన్న చోటు ఎలాగూ రెండు వరసల మధ్య ఖాళీగా ఉండే లోయ. హెడ్‌లు పలచగా, చిన్నగా ఉంటాయి. అందుకే పైకొలతలు చూస్తే, 6 లీటర్లకు పైబడిన పుష్‌రాడ్ వీ8 పట్టిన చోట అంతకంటే బాగా తక్కువ లీటర్ల డీఓహెచ్‌సీ వీ8 ఇరుక్కుంటుంది. "లీటరుకు ఎన్ని హార్స్‌పవర్" అనే లెక్క చూసి పుష్‌రాడ్‌ను వెక్కిరిస్తారు. లీటరు అంటే సిలిండర్ లోపలి ఖాళీ. బానెట్ కింద దాచాల్సింది ఆ ఖాళీని కాదు, దాని చుట్టూ ఉన్న ఇనుమును. కిలోకు ఎంత పవర్, బయటి కొలతకు ఎంత పవర్ అని అడిగితే జవాబు తిరగబడిపోతుంది.

అందుకే నేను దీన్ని ఇలా చూస్తాను. పరిమితి లీటర్ల మీద ఉంటే ఓవర్‌హెడ్ క్యామ్ గెలుస్తుంది. పరిమితి జాగా మీదా ఖర్చు మీదా ఉంటే పుష్‌రాడ్ గెలుస్తుంది. జపాన్‌లో కెయ్ కార్లకు 660 సీసీ హద్దు. చాలా దేశాల్లో ఇంజిన్ సీసీ పెరిగితే పన్ను పెరుగుతుంది. అలాంటి చోట ఇంజినీరు ఉన్న సీసీలోంచే పిండాలి, ఆర్‌పీఎం పెంచాలి, నాలుగు వాల్వ్‌లు పెట్టాలి. అమెరికాలో అలాంటి ఒత్తిడి తక్కువ. ఇంకో లీటరు పెంచుకుంటే పోయేదేముంది అన్న ఆలోచన అక్కడ నడిచింది. ఇంజినీర్ల తెలివిలో తేడా లేదు, వాళ్లకు కట్టిన గిరి వేరు.

దీనికి నాకు బాగా నచ్చే రుజువు 1994 ఇండియానాపోలిస్ 500. అక్కడి నిబంధనల్లో ఓవర్‌హెడ్ క్యామ్ టర్బో ఇంజిన్‌కు 2.65 లీటర్లే అనుమతి. పుష్‌రాడ్ పాపం వెనకబడిందని జాలిపడి దానికి 3.4 లీటర్లు, పైగా టర్బో బూస్ట్ (గాలిని లోపలికి నెట్టే ఒత్తిడి, పాదరసం అంగుళాల్లో) 45కు బదులు 55 ఇచ్చారు. మామూలు కార్ల బ్లాక్‌లతో వచ్చే చిన్న టీములకు సాయంగా ఉంటుందని. ఇల్మోర్ అనే ఇంజిన్ల కంపెనీ, పెన్స్కీ రేసు టీము, మెర్సిడెస్ కలిసి చడీచప్పుడు లేకుండా ఆ సందు కోసమే ఒక రేసు ఇంజిన్ కట్టారు. క్యామ్‌ను బ్లాక్‌లో వీలైనంత పైకి ఎత్తారు, పుష్‌రాడ్‌లు పొట్టివైపోయాయి, వంగే సమస్య తగ్గింది. సుమారు 1,000 హార్స్‌పవర్. అల్ అన్సర్ జూనియర్ పోల్ (మొదటి వరసలో మొదటి చోటు) కొట్టి రేసూ గెలిచాడు. ఆ వెంటనే నిబంధన రాసినవాళ్లు బూస్ట్ రాయితీని కోసేశారు. ఆ ఇంజిన్ రేసులో కనిపించింది ఆ ఒక్కసారే.

రోడ్డు బండి కావాలంటే కార్వెట్ చరిత్ర ఒక్కటి చాలు, మీరు చూసిన బండికీ దగ్గరగా ఉంటుంది. 1990లో కార్వెట్ జెడ్‌ఆర్-1 వచ్చింది. 5.7 లీటర్ల డీఓహెచ్‌సీ 32 వాల్వ్ ఎల్‌టీ5, లోటస్ డిజైన్, కట్టింది పడవల ఇంజిన్లు చేసే మెర్క్యురీ మెరైన్. మొదట 375 హార్స్‌పవర్, 1993 నుంచి 405. మామూలు కార్వెట్‌లోని పుష్‌రాడ్ 1990లో 250 దగ్గర ఉండేది. అందరూ పుష్‌రాడ్ పని అయిపోయిందనుకున్నారు. కానీ జెడ్‌ఆర్-1 ధర మామూలు కార్వెట్‌కు దాదాపు రెట్టింపు. 1995తో ఆగిపోయింది. 1997లో అల్యూమినియం బ్లాక్‌తో కొత్త పుష్‌రాడ్ ఎల్‌ఎస్1 వచ్చింది, 345. అదే కుదురులోంచి 2002 జెడ్06కి ఎల్‌ఎస్6 వచ్చింది. 5.7 లీటర్లు, 405 హార్స్‌పవర్. అవును, అదే 405. నాలుగు క్యామ్‌లు, 32 వాల్వ్‌లతో వచ్చిన అంకెను పదేళ్లలోపే ఒక్క క్యామ్, 16 వాల్వ్‌లతో పట్టేశారు. ఎలాగంటే పోర్ట్‌ల ఆకారం మీద పని, క్యామ్ లోబ్ మీద పని, మంచి స్ప్రింగ్‌లు. ఆ తర్వాత ఎల్‌ఎస్7 7.0 లీటర్లతో 505.

అయితే కథ అక్కడ ఆగలేదు, అందుకే ఇది న్యాయమైన ఉదాహరణ. 2023 జెడ్06కి షెవర్లేనే మళ్లీ డీఓహెచ్‌సీకి వెళ్లింది. 5.5 లీటర్ల ఎల్‌టీ6, టర్బో లేకుండా 670 హార్స్‌పవర్, 8,400 ఆర్‌పీఎం దగ్గర. ఎల్‌ఎస్7 లీటరుకు 72 ఇస్తే ఇది 122 ఇస్తుంది. ఇంత ఆర్‌పీఎంలో ఇంత గాలి పుష్‌రాడ్‌తో రోడ్డు బండిలో అయ్యే పని కాదు. అదే తరం మామూలు కార్వెట్‌లో మాత్రం 6.2 లీటర్ల పుష్‌రాడ్ 490 హార్స్‌పవర్‌తో వచ్చింది. ఒకే కారు, రెండు ఇంజిన్లు, రెండు రకాల గిరాకీ.

ఫోర్డ్ ఎదురుదారిలో నడిచింది. 1991 నుంచి మాడ్యులర్ పేరుతో వీ8లను ఓవర్‌హెడ్ క్యామ్‌కు మార్చింది. పెద్ద ట్రక్కులకూ ఓవర్‌హెడ్ క్యామ్ వీ10 పెట్టింది. చివరికి 2020లో భారీ ట్రక్కుల కోసం తెచ్చిన 7.3 లీటర్ల వీ8ను మళ్లీ పుష్‌రాడ్‌గా చేసింది. ట్రక్కు 8,000 తిరగక్కర్లేదు, బరువు లాగాలి, చవగ్గా బాగవ్వాలి. ఇక బెంట్లీ తన పెద్ద పుష్‌రాడ్ వీ8ను 1959 నుంచి 2020 దాకా నడిపింది. చవకతనం కోసమైతే కాదు కదా. ఆ బండి కొనేవాళ్లకు చడీచప్పుడు లేకుండా కిందనుంచే లాగే ఇంజిన్ కావాలి, అది ఇచ్చింది.

ఆ "కిందనుంచే లాగడం" గురించి ఒక అపోహ తీసేయాలి. పుష్‌రాడ్‌కు టార్క్ (లాగే బలం) ఎక్కువ అని గట్టిగా నమ్మేవాళ్లున్నారు. పుష్‌రాడ్ అనే కడ్డీకి టార్క్ పుట్టించే శక్తేం లేదు. ఆ ఇంజిన్లు లీటర్లలో పెద్దవి, వాటి క్యామ్‌ను తక్కువ ఆర్‌పీఎంకు అనువుగా కోస్తారు, అందుకని టార్క్ కిందే దొరుకుతుంది. అవే లీటర్లతో, అదే ఉద్దేశంతో డీఓహెచ్‌సీ చేస్తే అదీ అలాగే లాగుతుంది.

ఇప్పుడు మీకు నిజంగా పనికొచ్చే భాగం, రిపేర్లు.

నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక పుష్‌రాడ్ ఇంజిన్ వచ్చింది. ఒక సిలిండర్ కొట్టడం లేదు. డ్రైవర్ గేరు తప్పు వేసి ఆర్‌పీఎంను ఆకాశానికి లేపాడట. రాకర్ కవర్ తీసి, స్టార్టర్ కాకుండా చేత్తో క్రాంక్ తిప్పాం. అన్ని రాకర్లూ ఒకదాని తర్వాత ఒకటి తలూపుతున్నాయి, ఒక్కటి మాత్రం మిగతావాటంత లేవడం లేదు. దాని నట్టు వదులు చేసి పుష్‌రాడ్ పైకి లాగితే సగంలో ఇరుక్కుంది. మెల్లగా తిప్పుతూ తీసి గాజు పలక మీద దొర్లించాం. దొర్లుతూ దొర్లుతూ టకటకమని ఎగురుతోంది. కంటికి వంపు పెద్దగా ఆనలేదు గానీ, గాజు మీద దాగలేదు. కొత్త పుష్‌రాడ్ వేసి, క్లియరెన్స్ (రాకర్‌కూ వాల్వ్‌కూ మధ్య ఉండాల్సిన సన్నటి సందు) పెట్టి, సాయంత్రానికి బండి పంపించాం. హెడ్ విప్పలేదు. ఆ బలహీనమైన కడ్డీ వంగిపోయి ఖరీదైన వాల్వ్‌ను కాపాడింది.

అప్పుడే ఒక తప్పూ చేశాను. అనుమానంతో మిగతా పుష్‌రాడ్‌లన్నీ పీకి బల్ల మీద కుప్పగా పోశాను. మా మేస్త్రీ చూసి, "ఏది ఏ బొక్కలోదిరా?" అన్నాడు. జవాబు లేదు. ప్రతి పుష్‌రాడ్ తన రాకర్‌తో, తన లిఫ్టర్‌తో కలిసి అరిగి ఉంటుంది, జత మారిస్తే కొత్తగా అరగడం మొదలవుతుంది. అప్పటినుంచి అట్టముక్కకు వరసగా బొక్కలు పొడిచి, నంబర్లు రాసి, తీసింది తీసినట్టు అందులో గుచ్చుతున్నాను. మీరూ ఎప్పుడైనా విప్పితే అలాగే చేయండి.

దీనికి పక్కన పెట్టి చూడటానికి డీఓహెచ్‌సీ ముచ్చట. ఒక 16 వాల్వ్ నాలుగు సిలిండర్ల బండి తోసుకుంటూ తెచ్చారు. టైమింగ్ బెల్ట్ మార్చే గడువు ఎప్పుడో దాటిపోయింది, నడుస్తుండగా తెగింది. స్టార్టర్ తిప్పితే ఇంజిన్ ఏ బరువూ లేనట్టు సర్రున తిరిగింది. ఆ శబ్దం వినగానే తెలిసిపోతుంది, కంప్రెషన్ లేదని. హెడ్ దించితే పిస్టన్ల నెత్తి మీద నెలవంకల్లా గాట్లు, వాల్వ్‌లు దాదాపు అన్నీ వంగాయి. ఇలా వాల్వ్, పిస్టన్ ఒకే చోటును వంతులవారీగా వాడుకునే ఇంజిన్లను ఇంటర్‌ఫియరెన్స్ ఇంజిన్లంటారు. కొన్నింట్లో బెల్ట్ తెగినా ఏమీ కాదు, కానీ ఎక్కువ వాటిలో ఇలాగే అవుతుంది. బెల్ట్ గడువు బండిని బట్టి 60,000 నుంచి 1,00,000 కిలోమీటర్లో ఇంకా పైనో ఉంటుంది. మాన్యువల్‌లో రాసిన అంకె, రాసిన ఏళ్లు, రెండింట్లో ఏది ముందొస్తే అది. చైన్ ఉంటే ఇంత భయం లేదు. కానీ ఆయిల్ మార్చకుండా నడిపితే చైన్ సాగుతుంది, దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ అరుగుతుంది, పొద్దున్నే స్టార్ట్ చేయగానే ముందువైపు గలగల వినిపిస్తుంది. పేరు టెన్షనర్ గానీ, అరిగితే టెన్షన్ మనకు.

హెడ్ గాస్కెట్ పని పడితే తేడా ఇంకా తెలుస్తుంది. పుష్‌రాడ్‌లో రాకర్లు వదులు చేసి, పుష్‌రాడ్‌లు తీసి, హెడ్ ఎత్తేస్తాం. టైమింగ్ చైన్ జోలికి పోనక్కర్లేదు, క్యామ్ బ్లాక్‌లోనే ఉంది. ఓవర్‌హెడ్ క్యామ్‌లో హెడ్‌తో పాటు క్యామ్‌లూ వచ్చేస్తాయి కాబట్టి టైమింగ్ విప్పాలి, మళ్లీ మార్కులు కలపాలి. ఒక్క పన్ను తేడా వచ్చిందా, ఇంజిన్ నడుస్తుంది గానీ బుద్ధిగా నడవదు, ఎందుకో వెతుక్కుంటూ సెన్సర్లన్నీ మారుస్తాం. బిగించాక చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి మార్కులు మళ్లీ చూడనిదే స్టార్టర్ ముట్టుకోను.

వాల్వ్ క్లియరెన్స్ కూడా అంతే. పాత పుష్‌రాడ్‌లో ఒక స్క్రూ, ఒక లాక్ నట్టు, సందు కొలిచే ఫీలర్ గేజ్ ఉంటే అయిపోతుంది. బకెట్ల మీద షిమ్‌లు (పలచని బిళ్లలు) ఉండే డీఓహెచ్‌సీలో చాలాసార్లు క్యామ్ విప్పి, షిమ్ కొలిచి, సరిపోయే మందం వెతికి వేయాలి. కాకపోతే అది మాటిమాటికీ రాదు. ఇప్పటి పుష్‌రాడ్‌ల్లో, చాలా ఓవర్‌హెడ్ క్యామ్‌ల్లో హైడ్రాలిక్‌వే ఉంటాయి, ఆయిల్ ప్రెషర్‌తో సందు తామే పూడ్చుకుంటాయి.

అలాగని పుష్‌రాడ్‌లో అన్నీ తేలికే అనుకోవద్దు. లిఫ్టర్ పోతే అది బ్లాక్ లోతుల్లో ఉంటుంది. చాలా ఇంజిన్లలో హెడ్ తీయాల్సిందే. క్యామ్ అరిగితే ముందువైపు నుంచి పొడుగ్గా లాగాలి, అంటే రేడియేటర్ దగ్గర్నుంచి అడ్డమున్నవన్నీ తీయాలి. లోడు లేనప్పుడు కొన్ని సిలిండర్లను ఆపేసే పద్ధతి ఉన్న కొత్త పుష్‌రాడ్ వీ8ల్లో ఆ ప్రత్యేక లిఫ్టర్లే బలహీన స్థానం. ఒకటి ఇరుక్కుంటే క్యామ్ లోబ్‌నూ తినేస్తుంది. ఇక బాగా పాత బండ్లలో రోలర్ లేని ఫ్లాట్ ట్యాపెట్‌లుంటాయి. వాటికి ఆయిల్‌లో జింక్ మందు సరిపడా ఉండాలి. ఇప్పటి ఆయిల్‌లలో క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవకుండా దాన్ని తగ్గించారు. కొత్త క్యామ్ వేసి ఆయిల్ సంగతి మరిచిపోతే లోబ్‌లు మొదటి అరగంటలోనే గుండ్రంగా అరిగిపోవచ్చు.

మీరు చూసిన బండి విషయానికొస్తే, నేనైతే క్యామ్ ఎక్కడుందని కాదు, ఇవి చూస్తాను. రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్‌ను మీ ముందే స్టార్ట్ చేయించండి. అమ్మేవాడు ముందే వేడి చేసి పెట్టి ఉంటే ఇంకో రోజు వెళ్లండి. మొదటి రెండు మూడు సెకన్లు టికటిక వచ్చి ఆగిపోతే హైడ్రాలిక్ లిఫ్టర్లు నిండుతున్నాయి, ఫరవాలేదు. వేడెక్కినా ఒకే లయలో టికటిక వస్తూ ఉంటే లిఫ్టర్ గానీ రాకర్ గానీ అరిగింది, బేరమాడండి. ఐడిల్‌లో ఒక సిలిండర్ తడబడుతూ ఆ టికటిక కూడా ఉంటే లోబ్ పోయి ఉండొచ్చు, అప్పుడు రాకర్ కవర్ తీసి రాకర్లన్నీ సమానంగా లేస్తున్నాయో లేదో చూడనివ్వమని అడగండి. పుష్‌రాడ్‌లో అది ఎక్కువ పనేం కాదు, ఒప్పుకోకపోతే ఆ ఒప్పుకోకపోవడమే జవాబు. ఆయిల్ మార్చిన బిల్లులు చూడండి. ఇక మీ స్నేహితుడి మాట విని డీఓహెచ్‌సీ బండి వైపు వెళితే, వీటన్నిటికీ ముందు అందులో ఉన్నది బెల్టో చైనో కనుక్కోండి. బెల్ట్ అయితే మార్చిన తేదీ, కిలోమీటర్లు కాగితం మీద ఉన్నాయేమో చూడండి. లేకపోతే కొన్న రోజే, ఇంటికి తోలకముందే, కొత్త బెల్ట్‌తో పాటు టెన్షనర్ వేయించి, బెల్ట్‌తోనే తిరిగే రకం వాటర్ పంపైతే దాన్నీ మార్పించేయండి.